వైర్‌లెస్ గది పక్క ఇల్లు

బందరులో మా క్వార్టర్స్ పెరటి గోడకి అవతలే పోలీసు వైర్‌లెస్ గది. నాన్న అందులో ఆపరేటరు. ఎనభైల నాటి మాట. పొద్దున లేచేసరికి కాకుల అరుపుకంటే ముందు ఆ గదిలోంచి వచ్చే కీచు చప్పుడే చెవిన పడేది. పొట్టిదైతే డిట్, పొడుగుదైతే డా. "డా డా డిట్ డా" అని మోగితే అది క్యూ అక్షరం. దాని వెనకే ఇంకో రెండక్షరాలు వస్తాయనీ, మూడూ కలిస్తే ఒక నిండు వాక్యమనీ అక్కకీ నాకూ ఎక్కాలు రాకముందే తెలుసు.

అవి ఓడల కోసం పుట్టిన సంకేతాలు. 1912లో లండన్‌లో దేశాలన్నీ కూర్చుని వాటిని ఒప్పుకున్నాయి. భాష తెలియని నావికుడికి కూడా అర్థం కావాలని పెట్టినవి పోలీసు గదుల్లోకీ వచ్చాయి. క్యూ ఆర్ ఎక్స్ అంటే కాస్త ఆగమని. క్యూ ఎస్ ఎల్ అంటే అందిందని. ఉరుములకి సెట్ గరగరలాడితే క్యూ ఆర్ ఎన్. క్యూ టీ సీ అంటే నీకు పంపాల్సిన మెసేజులున్నాయని. అది వినపడిందంటే నాన్న భోజనానికి ఇప్పట్లో రాడని అమ్మ అన్నం గిన్నె మీద మూత పెట్టేసేది. మా అందరికీ ఇష్టమైనది మాత్రం క్యూ ఆర్ యూ. నీకు చెప్పాల్సింది నా దగ్గర ఏమీ లేదని దానర్థం.

కీ మీద వేళ్లు వేసే తీరు ఒక్కొక్కరిది ఒక్కోలా ఉంటుంది. ఎన్నడూ మొహం చూడని ఆపరేటర్లని నాన్న ఆ మోతని బట్టే గుర్తుపట్టేవాడు. "ఇవాళ కర్నూలాయన చెయ్యి బరువుగా ఉంది, జ్వరమేమో" అనేవాడు అన్నం కలుపుకుంటూ.

స్టేషన్లతో మాట్లాడే సెట్ వేరే. దాని పద్ధతీ వేరే. స్విచ్ నొక్కగానే నోరు తెరవకూడదు, ఒక్క క్షణం ఆగాలి, లేకపోతే మొదటి మాట తెగిపోతుంది. ఓవర్ అంటే నా మాట అయింది, ఇక నువ్వు చెప్పమని. అవుట్ అంటే సంభాషణే అయిపోయిందని. రెండూ కలిపి అనడం సినిమాల్లోనే. నూట యాభై అనకూడదు, వన్ ఫైవ్ జీరో అనాలి. గరగరలో ఫైవ్‌కీ నైన్‌కీ తేడా తెలియదు కాబట్టి తొమ్మిదిని నైనర్ అనాలి. విన్నవాడు విన్నది మళ్లీ అప్పజెప్పాలి. ఇంట్లోనూ అదే చట్టం. "అరకిలో కందిపప్పు, పావుకిలో బెల్లం" అని అమ్మ చెప్పాక, ఆ మాటల్నే తిరిగి చెప్పందే నాన్న నన్ను గడప దాటనిచ్చేవాడు కాదు.

సెట్‌లో విన్నది ఇంట్లో అనకూడదన్నది ఇంకో చట్టం. అది ఎంత కష్టమో 1990 మే నెలలో తెలిసింది. తొమ్మిదో తారీఖున తుపాను కృష్ణ ముఖద్వారం దగ్గర తీరం దాటింది. అమ్మ పుట్టిల్లు నాగాయలంక. 1977 ఉప్పెనలో ఆమె పెద్దమ్మ కుటుంబమంతా పోయింది. ఆ భయం అమ్మని ఎప్పుడూ వదల్లేదు. ఫోన్లు మూగపోయాయి. కరెంటు లేదు. బ్యాటరీల మీద నడిచే సెట్ ఒక్కటే పలుకుతోంది. కోడూరు, ఏటిమొగ, పాలకాయతిప్ప... ఏ ఊరి నుంచి ఎంతమందిని తరలించారో అంకె తర్వాత అంకె చెప్పే నాన్న గొంతు గాలి తెరిపిచ్చినప్పుడల్లా గోడ దాటి వచ్చేది. అది మాకు తెలిసిన గొంతు కాదు. ఎత్తూ లేదు, తగ్గూ లేదు. భయపడ్డ మనిషి కూడా నిలబడి మాట్లాడగలగడానికి ఆ సంకేతాలే ఊత అని నాకిప్పటికీ నమ్మకం.

గాలి తగ్గాక నాన్న బట్టలన్నీ తడిసి గుమ్మంలోకి వచ్చాడు. అమ్మ ఏమీ అడగలేదు, అడగకూడదు. చెప్పు విప్పుతూ నాన్న "క్యూ ఆర్ యూ" అన్నాడు. అమ్మ అక్కడే గోడకి చేరగిలబడి కూర్చుండిపోయింది. ఆ తుపానుకి తొమ్మిది వందల మందికి పైగా పోయారు. లక్షన్నరకి పైగా జనాన్ని ముందే తరలించబట్టి 1977లా కాలేదు.

అమెరికా పోలీసుల టెన్ కోడ్‌ల సంగతి చాలా ఏళ్ల తర్వాత చదివాను. టెన్ ఫోర్ అంటే అందింది అని. ఇల్లినాయ్ పోలీసు రేడియోలో పనిచేసిన చార్లెస్ హాపర్ 1937లో వాటికి శ్రీకారం చుట్టాడు. అంకెకి ముందు ఆ టెన్ ఎందుకంటే, పాత సెట్లు పూర్తి శక్తి అందుకునేలోపు మొదటి మాట తెగిపోయేదట; తెగినా టెన్నే పోతుంది, అసలు అంకె దక్కుతుంది. 2005లో కత్రినా తుపానప్పుడు ఊరూరి నుంచీ వచ్చిన దళాలకి ఒకరి కోడ్‌లు ఇంకొకరికి అర్థంకాక చిక్కొచ్చింది. ఆ తర్వాత, పలు శాఖలు కలిసి పనిచేసేచోట మామూలు మాటలే వాడాలని అక్కడి ప్రభుత్వం చెప్పింది.

ఇదంతా నాన్నకి చదివి వినిపించాను. కళ్లజోడు తీసి చాలాసేపు ఆలోచించాడు.

"మంచి పనే చేశారు. ఎవరి మాటల్లో వాళ్లు చెప్పుకోవచ్చు. ఊరి పేరూ అంకే మాత్రం అవతలివాడి చేత తిరిగి చెప్పించుకోవాలి" అన్నాడు.