నాలుగు పెట్టలూ, ఒక పెంటగొయ్యీ

మాది కనిగిరి దగ్గర పల్లెటూరు. చిన్నప్పుడు సెలవులొస్తే నాన్న నాకు అప్పజెప్పే పని ఒక్కటే, కొట్టంలో పేడ ఎత్తి దిబ్బలో వెయ్యడం. ఆ పని తప్పించుకోడానికే నేను ఇంజనీరింగు చదివానంటే పెద్ద అబద్ధమేమీ కాదు. అలాంటివాణ్ణి, 2020లో అందరూ ఇళ్ళలో కూర్చున్న రోజుల్లో, ఈ ఫ్రిస్కోలో పిల్లల పోరు పడలేక నాలుగు కోడిపెట్టల్ని తెచ్చి, వాటి పెంట ఏం చెయ్యాలా అని గూగుల్‌ని అడుగుతూ కూర్చున్నాను. కర్మ అంటే ఇదే కాబోలు.

గూగుల్ చెప్పినట్టే ఓ నల్ల ప్లాస్టిక్ డబ్బా కొన్నాను. ఎండుటాకుల్లో కార్బన్ ఎక్కువ, కోడిపెంటలో నైట్రోజన్ ఎక్కువ, రెండూ కలిపితే ముప్ఫైకి ఒకటి దగ్గర తేలాలిట. స్ప్రెడ్‌షీట్ కూడా తయారుచేశాను (కన్సల్టెంటుని కదా, అది లేందే చెయ్యి కదలదు). మొదటి నెల ముక్కు పగిలే అమోనియా కంపు. సరే అని ఆకులు పెంచాను. కంపు పోయింది, దాంతోపాటు కుళ్ళడమూ ఆగిపోయింది. జూన్‌లో వేసిన అరటితొక్కలు సెప్టెంబర్లో మూత తీసి చూస్తే ఒరుగుల్లా ఉన్నాయి. వేయించుకు తినచ్చు అంది మా ఆవిడ.

2022 ఏప్రిల్లో నాన్న వచ్చారు. అమ్మ పోయాక అదే మొదటి రాక. ఇక్కడ ఆయనకి తోచేది కాదు. కారు లేందే గడప దాటలేని ఊరు, ఆదివారం హనుమంతుడి గుడికి తీసుకెళ్తే వారం గడిచినట్టు. మూడోరోజు పెరట్లోకి వెళ్ళి ఆ డబ్బా మూత తీసి చూశారు. "ఒరేయ్, దీన్నిట్టా ఎండలో నిలబెట్టి ఎండబెడితే ఎట్టా కుళ్ళిద్దిరా? వానలు పడే ఊళ్ళో కుప్ప పోస్తారు, ఎండలూళ్ళో గొయ్యి తీస్తారు" అన్నారు.

గొయ్యి తీసేముందు 811కి ఫోన్ చెయ్యాలని, వాళ్ళొచ్చి కింద గ్యాసు గొట్టాలూ కరెంటు తీగలూ ఎక్కడున్నాయో గుర్తులు పెట్టాకే పార ముట్టుకోవాలని చెప్తే ఆయన చాలాసేపు నవ్వారు. తర్వాత లైవ్ ఓక్ చెట్టు నీడన మోకాలి లోతు గొయ్యి తీశాం. ఆ నల్లమట్టి చేతిలో నలిపి "ఇది మన నల్లరేగడేరా" అన్నారు. నిజమే, ఇక్కడి నేల కూడా అదే జాతి. వేసవిలో చెయ్యి పట్టేంత బీటలు తీస్తుంది, తడిస్తే చెప్పుకి అంటుకుని వదలదు.

ఆయన పద్ధతికి స్ప్రెడ్‌షీట్ లేదు. గంపెడు కోడిపెంటకి మూడు గంపల ఆకు. పైన బాస్మతి బియ్యం గోనెసంచీ తడిపి కప్పడం. ఏసీ గొట్టం నుంచి కారే నీళ్ళకి బకెట్టు పెట్టారు, రోజుకి బకెట్టు పైనే వచ్చేవి. బియ్యం కడుగు సరేసరి. పిడికెడు తీసి పిండితే చెయ్యి తడవాలి, నీళ్ళు కారకూడదు. రెండోరోజు ఇనపకడ్డీ గుచ్చి కాసేపాగి తీసి నా చేతికిచ్చారు. అమ్మో, కాలింది! థర్మామీటర్ పెడితే 140 డిగ్రీల ఫారెన్‌హీట్.

సాయంత్రం గంటసేపు కోళ్ళని వదిలేవారు. లైవ్ ఓక్ ఆకు తోలుముక్కలా ఉంటుంది, ఓ పట్టాన కుళ్ళదు. దాన్ని ఆ నాలుగూ గీకి గీకి తుక్కు చేసేవి. తిరగెయ్యడానికి నాకు నడుం నొప్పి, వాటికది తిండి. ఎండకి రెక్కలు ఎడంచేసి రొప్పుతూ (కోడికి చెమట పట్టదు కదా) గొయ్యి అంచున తడిమట్టిలో పొట్ట ఆనించి పడుకునేవి. పిల్లలు పెట్టిన పేర్లు నాన్నకి నోరు తిరిగేవి కావు. ఎర్రది, నల్లది, మచ్చది, కుంటిది, అంతే.

అన్నట్టు, ఆల్బర్ట్ హోవార్డ్ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త 1924 నుంచి 1931 దాకా ఇండోర్‌లో ఉండి చెప్పిందీ ఇదే: ఎండాకాలం గొయ్యి, వానాకాలం కుప్ప. నాన్నకి చెప్తే "ఆయనకెవరు చెప్పారంట?" అన్నారు. మన రైతుల దగ్గరే చాలా నేర్చుకున్నాడని చెప్పాను. ఆయనకి ఆశ్చర్యమేమీ వెయ్యలేదు.

ఆ ఏడు జూన్ మొదట్నించి ఆగస్టు రెండోవారం దాకా డాలస్ ఎయిర్‌పోర్టులో వరసగా 67 రోజులు కొలిచేంత వాన లేదు. మా గొయ్యి మాత్రం ఉడుకుతూనే ఉంది. తర్వాత ఆగస్టు 22 మధ్యాహ్నానికల్లా అక్కడే తొమ్మిదంగుళాలకి పైగా దంచింది. మా గొయ్యి చెరువైంది. రేగడి నేల చుక్క ఇంకనివ్వదు. నాన్న కట్ట తెంచి నీళ్ళు మళ్ళించేలోపే కంపు కంచె దాటింది.

పదిరోజులకి మా కాలనీ సంఘం ఉత్తరం. కుప్ప తీసెయ్యాలి, కోళ్ళు ఉండకూడదు. రాత్రుళ్ళు కూర్చుని చట్టం చదివాను. టెక్సాస్ ప్రాపర్టీ కోడ్‌లో 202.007 సెక్షన్, 2003లో వచ్చింది. ఆకూ గడ్డీ ఎరువు చేసుకోవడాన్ని ఇలాంటి సంఘాలు నిషేధించకూడదు, ఎక్కడ, ఎంత, ఎలా కనపడకుండా అన్నదే చెప్పచ్చు. ఆ సెక్షన్లో కోళ్ళ మాట లేదు. ఎరువు నిలిచింది, కోళ్ళు ఓడిపోయాయి. పెంటని కాపాడే చట్టం ఉండి, పెట్టని కాపాడేది లేకపోవడం చూస్తే నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

ఉత్తరం సంగతి నాన్నకి చెప్పలేదు. అక్టోబర్లో ఆయన్ని విమానం ఎక్కించి, ఆ వారమే పెట్టల్ని సెలైనా దాటాక ఐదెకరాలు కొనుక్కున్న మిత్రుడింట్లో వదిలొచ్చాను. చిన్నది దారంతా ఏడ్చింది.

ఫోన్ చేసినప్పుడల్లా నాన్న మొదట అడిగేది కోళ్ళే. అందుకని నెలకోసారి మిత్రుడింటికెళ్ళి అక్కణ్ణుంచి వీడియో కాల్ చేసేవాణ్ణి. పెట్టల్ని చూపించి, కంచె కనపడకుండా ఫోన్ తిప్పేవాణ్ణి. ఆరునెలలు నడిచింది ఆ నాటకం.

ఒకరోజు ఆయన ఎర్రదాన్ని చూస్తూ చూస్తూ, "ఆ ఎనకాల చింతచెట్టంత ఉంది, అదేం చెట్టురా? మన పెరట్లో లేదే" అన్నారు.

నేను మాట్లాడలేదు. ఆయనా కాసేపు మాట్లాడలేదు.

"పోనీలే. పెంటన్నా తెచ్చుకుంటున్నావా?"

"రెండు బకెట్లు, నాన్నా."

"నాలుగు తెచ్చుకో. ఎండలొస్తన్నాయిగా, గోనె తడపడం మర్చిపోమాక" అని ఫోన్ పెట్టేశారు.