తాతగారి టైమింగు

సింగపూరులో పాత మోటారు సైకిలు కనబడడం అరుదు. 1990లో సీఓఈ పద్ధతి వచ్చాక, పదేళ్ళు నిండిన బండికి మళ్ళీ డబ్బు కట్టడమో, దాన్ని వదిలించుకోవడమో మనందరికీ అలవాటైపోయింది. అలాంటి ఊళ్ళో మా మలయ్ మిత్రుడొకరు తన తండ్రి నడిపిన 350 సీసీ బ్రిటిష్ సింగిల్ సిలిండర్ బండిని అపురూపంగా దాచుకున్నారు. దాని ఇంజను విప్పి బాగుచేసే పనిలో మా నాన్నగారు, మా అమ్మాయి, నేను పాలుపంచుకున్నాం.

నాన్నగారిది విజయవాడ ఆటోనగర్. మద్రాసులో తయారైన బుల్లెట్ బండ్ల గుట్టంతా ఆయనకు తెలుసు. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనను ఇంజనుకు, పిడిని చెవికి ఆనించి, "టైమింగ్ తేడా" అని ఇట్టే చెప్పేసేవారు. ఇప్పుడు ఆ చెవులు సరిగా వినబడవు. "నా పనిముట్టే పోయిందిరా" అని పని మానేశారు. మా ఇంటికి వచ్చినా మౌనంగా కూర్చునేవారు. పదకొండేళ్ళ మనవరాలికి తెలుగు అంతంతమాత్రం, ఆయనకు ఇంగ్లీషు సున్నా.

ఆ ఇంజనులో కొత్త క్యామ్ వేయాలి. పళ్ళచక్రం మీద గుర్తు చుక్కలు లేవు. కొలిచి కూర్చడమొక్కటే దారి.

పిల్లలూ, ఇంజను గాలి పీల్చి వదలడానికి వాల్వులుంటాయి. వాటిని తెరిచేది క్యామ్. క్రాంకు రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక్క చుట్టు తిరుగుతుంది. ఏ వాల్వు ఎప్పుడు తెరుచుకోవాలనే లెక్కే టైమింగు. అది తప్పితే బండికి ఊపు ఉండదు. మరీ తప్పితే వాల్వు వెళ్ళి పిస్టనుకు కొట్టుకుంటుంది.

మా అమ్మాయి 360 డిగ్రీల చక్రాన్ని ప్రింటు తీసి పాత సీడీకి అంటించింది. దాన్ని క్రాంకుకు బిగించి, ముల్లుగా ఒక తీగ పెట్టాం. ముందు పిస్టన్ పైకొస తెలియాలి. అక్కడ కొన్ని డిగ్రీల పాటు పిస్టన్ దాదాపు కదలదు కనుక కంటితో పోల్చుకోలేం. నాన్నగారు ప్లగ్గు రంధ్రంలో ఒక అడ్డు బిగించి, క్రాంకును ఒకవైపు తాకేదాకా, మళ్ళీ రెండోవైపు తాకేదాకా మెల్లగా తిప్పించారు. ఆ రెండు అంకెలకూ సరిగ్గా మధ్యదే పైకొస. అమ్మాయి ఆ మధ్య గీతను కాగితం మీద గీసి చూపిస్తే ఆయన తల ఊపారు.

తర్వాత అడ్డు తీసేసి, గాలి పీల్చే వాల్వు మీద డయల్ గేజి నిలబెట్టాం. పళ్ళ మధ్య సందు మోసం చేయకుండా క్రాంకును ఎప్పుడూ ఒకే వైపు తిప్పాలని నాన్నగారు సైగ చేశారు. వాల్వు 1 మిల్లీమీటరు లేచినప్పుడు పైకొస దాటి 2 డిగ్రీలు, దిగుతూ మళ్ళీ 1 మిల్లీమీటరుకు వచ్చినప్పుడు 254. సగటు 128. క్యామ్‌తో వచ్చిన కాగితం మీద 110 అని ఉంది. అంటే 18 డిగ్రీలు ఆలస్యం.

అమ్మాయి పళ్ళు లెక్కపెట్టింది, 40. క్రాంకు రెండు చుట్లకు 720 డిగ్రీలు, 40తో భాగిస్తే 18. అది తల ఎత్తేసరికి తాతగారు అప్పటికే ఒక వేలు చూపిస్తున్నారు. ఒక్క పన్ను! ఇద్దరూ పకపకా నవ్వారు.

పన్ను మార్చి మళ్ళీ కొలిస్తే పైకొసకు ముందు 16, తర్వాత 236. మైనస్ 16కు 236 కలిపి సగం చేస్తే 110.

రెండు వారాలకు బండి స్టార్టయింది. నాన్నగారు ట్యాంకు మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకున్నారు. "సరిగ్గా ఉంది. చేత్తో వింటున్నా" అన్నారు. మా అమ్మాయి కూడా పక్కనే చెయ్యి పెట్టింది. "తాతయ్యా, నాకూ వినిపిస్తోంది" అని తెలుగులోనే అంది.

మీ ఇంటికి అమ్మమ్మలు, తాతయ్యలు వస్తే ఊరు చూపించడంతో సరిపెట్టకండి. వారి చేతికి తెలిసిన పని ఒకటి వెతికి, పక్కన మీ పిల్లల్ని కూర్చోబెట్టండి.