పాలు పడినాయా?

మా బళేపేటలో పురిటింటికి ఎవరు వచ్చినా ముందు అడిగే మాట ఒకటే: పాలు పడినాయా? మగబిడ్డా ఆడబిడ్డా అన్నది ఆ తరువాతే.

కన్నడంలో బళె అంటే గాజు. పేరు గాజులది గానీ, వీణలూ తబలాలూ హార్మోనియాలూ అమ్మే అంగళ్లకే మా వీధి పేరుపడింది. అట్లాంటి ఒక అంగడి మీద మిద్దెలో మేముంటాం. నిరుడు కార్తీకంలో మా అమ్మాయి ఆ ఇంటికే పురిటికి వచ్చింది. కోతకాన్పు. ఆడపిల్ల. ఎనభై ఆరేళ్ల మా అవ్వ, అంటే మా అత్తగారు, మంచం పక్కనే కుర్చీ వేయించుకుంది.

మా అల్లుడు అమ్మాయి ఫోనులో ఒక కొత్త ఏర్పాటు చేసిపోయాడు. ఏం అడిగినా జవాబు చెబుతుంది. పత్రికలవాళ్లు కృత్రిమ మేధ అంటారు. మా ఇంట్లో దాని పేరు ‘అది’. తెలుగు కూడా వచ్చునని తెలిసి అవ్వకు ఉత్సాహం పుట్టింది. ఫోను నోటి దగ్గరికి తీసుకుని, “మా మనవరాలికి పాలు పడలేదు, ఏం చెయ్యాల?” అని అడిగింది.

అది ఎంతో మర్యాదగా, పుస్తకాల తెలుగులో చెప్పింది. కొందరి ఒంటికి పాలు సరిపడవట, పెరుగు తిని చూడమంది, సోయా పాలు కూడా మంచివేనంది. అమ్మాయి కడుపు పట్టుకుని, “కుట్లు లాగుతాయి, నవ్వించొద్దు అవ్వా” అని మొత్తుకుంది.

దాని తప్పు ఏముంది? ఎవరో రాసిపెట్టినదే అది నేర్చుకుంటుంది. బాలింత గదిలో ఆడవాళ్లు మాట్లాడుకునే తెలుగును రాసిపెట్టినవాళ్లు ఎందరు? అందులోనూ సబ్బసిగె సొప్పు వేసి పప్పు చేసే మన బెంగళూరు తెలుగును? మా అమ్మాయి బడిలో కన్నడం చదువుకుంది, తెలుగు అక్షరాలు రావు. అందుకని ఇంగ్లీషులోనే అడిగేది. ఇంగ్లీషులో దాని జవాబులు సరిగ్గానే ఉండేవి. ముర్రుపాలు కొంచెమే వచ్చినా మొదటి రోజులకు చాలునంది. తేనె నాకించాలని అవ్వ పట్టుబడితే, ఏడాది నిండేదాకా తేనె కూడదని చెప్పింది. అవ్వ మూతి ముడుచుకుంది.

నాలుగో రోజు సాయంత్రం పాప పాలకు లేవడం మానేసింది. లేపి పెట్టినా రెండు గుక్కలు తాగి నిద్రపోయేది. “బిడ్డ హాయిగా నిద్దరపోతా ఉంది గదా, ఏల లేపేది?” అంది అవ్వ. నేనూ అదే అన్నాను. అమ్మాయికి మనసు నిలవక ఫోనులో అడిగింది. అది ఎదురు ప్రశ్న వేసింది: పొద్దుటినుంచి ఎన్ని బట్టలు తడిపింది? దండెం మీద ఎంచి చూశాం. రెండు. కళ్లలో పసుపు ఉందా? దీపం కింద చూస్తే ఉన్నట్టే తోచింది. తెల్లవారేదాకా ఆగవద్దు, ఇప్పుడే డాక్టరు దగ్గరికి తీసుకుపొమ్మంది.

రాత్రి పదకొండు గంటలకు ఆటో. పాప తూకం ఉండవలసిన దానికంటే బాగా తగ్గింది. మొదటి రోజుల్లో కొంత తగ్గడం సహజమేనట. నూటికి పది పాళ్లు దాటితేనే భయం. మాది దాటింది. కామెర్లు కూడా ఉన్నాయి. రెండు రోజులు నీలం వెలుతురు కింద పెట్టారు.

అక్కడ ఒక మలయాళీ నర్సమ్మ అమ్మాయి పక్కన కూర్చుని, పాప తలను అరచేతిలో పట్టి, నోరు పెద్దగా తెరిచేదాకా ఆగి, ఒక్కసారిగా రొమ్ముకు దగ్గర చేసింది. చనుమొన ఒక్కటే కాదు, చుట్టూ ఉన్న నలుపు కూడా నోట్లోకి పోవాలంది. ఇదే సంగతి ‘అది’ పొద్దున ఎనిమిది వాక్యాల్లో చెప్పి ఉంది. ఒక్కటీ తప్పు కాదు. అయితే పాప నోరు ఎట్లా ఉందో అది చూడలేదు. పిండిన పాలు పట్టడానికి అవ్వ వెండి ఉగ్గుగిన్నె పెట్టెలోంచి బయటికి వచ్చింది.

ఆ రాత్రి ఆసుపత్రి బెంచీ మీద నాకు 1992 గుర్తుకు వచ్చింది. ఆ ఏడాది జనవరిలో అమ్మాయి పుట్టినప్పుడు, నాకు పాలు చాలడం లేదని తేల్చి, నర్సింగుహోములో ఒక పాలపొడి డబ్బా ఉచితంగా చేతిలో పెట్టారు. ఎన్ని బట్టలు తడిపిందని ఎవరూ అడగలేదు. డబ్బా అయిపోయేసరికి నా పాలు ఎండిపోయినాయి. అట్లా ఉచితంగా పంచడాన్నీ, డబ్బా మీద బిడ్డ బొమ్మ వేయడాన్నీ నిషేధించే చట్టం ఆ ఏడాదే చేశారు. అమలుకు వచ్చింది 1993 ఆగస్టులో. అప్పటికి నా బిడ్డ నడుస్తోంది. ముప్పై మూడేళ్లుగా నా ఒంటిలోనే లోపమనుకుంటూ వచ్చాను. ఇప్పటికీ పూర్తిగా పోలేదు ఆ అనుమానం.

తరువాత ఆరా తీశాను. ముంబైలో అర్మాన్ అనే సంస్థ గర్భిణులకూ బాలింతలకూ వారం వారం ఫోనులో సలహాలు వినిపిస్తుంది. ఏ తల్లి ఇక ఫోను ఎత్తడం మానేస్తుందో యంత్రం ముందే అంచనా కడితే, ఆమెకు ఒక మనిషి ఫోను చేసి మాట్లాడుతుంది. 2022 నుంచి గూగుల్ వాళ్ల సాయంతో ఇది నడిచింది. కెన్యాలో జకరాండా హెల్త్ అనేవాళ్లు తల్లుల ప్రశ్నలకు స్వాహిలీలో జవాబిచ్చే యంత్రాన్ని తయారు చేసుకున్నారు. ప్రమాదమనిపించిన ప్రశ్న మనిషి చేతికి పోతుంది. నాకు నచ్చింది ఆ చివరి సంగతే. మా ఇంట్లో ఆటో పిలవడానికి నేనున్నాను. ఎవరూ లేని పిల్ల ఆ రాత్రి ఏం చేసేది?

పాప ఇల్లు చేరింది. వారానికి దండెం మీద ఏడు బట్టలు. ఒక సాయంత్రం అవ్వ మళ్లీ ఫోను అడిగింది. “పాలు పడడం అంటే ఏమో దానికి చెప్పు” అంది. అమ్మాయి చెప్పింది. అది క్షమాపణ అడిగి, ఈసారి సరైన జవాబే ఇచ్చింది. మరునాడు కొత్తగా తెరిచి అదే మాట అడిగితే, మళ్లీ పెరుగు తినమంది.

అమ్మాయికి విసుగు వచ్చింది. అవ్వకు రాలేదు. “చిన్నబిడ్డ గదే, ఇంకోసారి చెప్పు” అంది.