పగడముల తొట్టికి దీపము

నా మెడలోని నల్లపూసల నడుమ రెండు పగడములు గ్రుచ్చబడి యున్నవి. పెండ్లినాడు మా అమ్మ వేసినవి. పగడమనగా ఎర్రని రాయి యని నేను నలువది యేండ్లు వచ్చువరకు నమ్మియుంటిని. అది సముద్రములోని ప్రాణి కట్టుకొన్న యెముకవంటిదనియు, నగలకు వచ్చెడి యీ యెర్రజాతి మధ్యధరా సముద్రపు లోతులలో, గుహల చీకటిలో పెరుగుననియు, వెలుతురు లేనిదే బ్రతుకజాలని పగడములు వేరుగా నున్నవనియు నాకు తెలిపినది నా చిన్నకూతురు. ఆ తెలివికి నేను చెల్లించిన వెల స్వల్పము కాదు. దీపము కొనుటలో ఒకసారి మోసపోతిని. మరియొకసారి నా తొందరపాటుచేత నోరులేని జీవులను చంపినంత పని చేసితిని. ఎర్రగుంట్లలో పగడముల తొట్టి యేమిటని సోదరీమణులు నవ్వవచ్చును. నవ్విన పిదపనైనను వినుడు.

మా యూరికి సముద్రము సుమారు నూరు మైళ్లు. ఇచ్చట కంటికి కనబడునది నాపరాయి, చెవికి వినబడునది రాయికోత యంత్రము, తడిగుడ్డతో ఎన్నిమారులు తుడిచినను కిటికీపై మరల నిలుచునది సిమెంటు దుమ్ము. నా కూతురు నెల్లూరు జిల్లా ముత్తుకూరు మత్స్యశాస్త్ర కళాశాలలో చదువు ముగించుకొని వచ్చినప్పుడు మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర యెత్తుగల గాజుతొట్టి నొకదానిని వసారాలో నిలిపి, శుద్ధిచేసిన నీటిలో సముద్రపుటుప్పు కలిపి నింపెను. లోపల పేర్చిన రాళ్లు మాత్రము మన యూరివే. "అమ్మా, ఈ సున్నపురాయి పుట్టిందే సముద్రంలో. దాన్ని మళ్లీ వాళ్లింటికి పంపుతాండా" అని నవ్వెను. అది పరిహాసము కాదు. ఈ కడప నేలపై ఒకప్పుడు సముద్రముండెను. వేంపల్లె ప్రాంతపు రాళ్లలో అన్నపు గిన్నెలు బోర్లించినట్లు పొరలుపొరలుగా కనబడు గురుతులు, నూటయెనుబది కోట్ల యేండ్లకు పూర్వమే యెండ తిని బ్రతికిన సూక్ష్మజీవులు కట్టిన కట్టడములట. మన గడపరాళ్లకు వెలుతురుతో ఇంత బాంధవ్యమున్నదని తెలిసిన నాటినుండి గడపకు పసుపు పూయునప్పుడు నాకు మరియొక తలపు కూడ వచ్చుచున్నది.

ఆ రాళ్లపై ఆమె పుట్టగొడుగు పగడములను, తోలు పగడము నొకదానిని నిలిపినది. నారింజరంగుపై తెల్లని పట్టెలుగల చిన్న చేపలు రెండు. ఏడాది గడచునంతలో ఆమెకు కొచ్చిలో పైచదువునకు చోటు దొరకెను. రైలెక్కబోవుచు, "అమ్మా, నీ చేతిలో పెట్టి పోతాండా" అనెను. కూతురు పెండ్లియై పోవునప్పుడు తల్లి బిడ్డను అప్పగించుట వాడుక. ఇచ్చట అప్పగింత తలక్రిందైనది.

అప్పటికి తొట్టిపై గొట్టపు దీపములు రెండుండెడివి. మా అత్తగారు మొదటినుండియు వానిని ఓర్వలేదు. "ఏమే, మనుషులు కూచునే కాడ ఒక దీపం, చేపలకు రెండా?" అనెడివారు. ఆషాఢమున ఆ రెంటిలో ఒకటి ఆరిపోయెను. ఆ గొట్టములు వెలుగుచున్నను ఏడాదికొకమారు మార్చవలసినవే; కంటికి తెలియకుండనే వాని సత్తువ తగ్గిపోవును. ఇక గొట్టములు వలదు, ఎల్‌.ఇ.డి. దీపము కొందమని నిశ్చయించితిని. నిశ్చయించితినేగాని, దేనిని చూచి కొనవలయునో నాకు తెలియదు.

పగడమునకు దీపము అలంకారము కాదు, అన్నము. దాని మెత్తని కండలో కంటికి కనరాని నాచుజీవులు లక్షలకొలది కాపురముండును. అవి వెలుతురుతో చక్కెర వండి, అందులో అధికభాగమును ఇంటి యజమానియైన పగడమునకు పెట్టును. పగడము వానికి నీడనిచ్చి తన వ్యర్థములనే యెరువుగా నిచ్చును. ఇట్టి పగడములలో చాలవాటికి కావలసిన శక్తిలో నూటికి తొంబది పాళ్లవరకు ఈ వంటనుండియే రావచ్చును. కావున దీపము చాలకున్న అది పస్తు. మితిమీరిన అజీర్ణముకన్న అన్యాయము. ఈ మాట నా కూతురు వెళ్లకమున్నే చెప్పియుండెను. చెవిని పడినది గాని మనసున కెక్కలేదు.

ఒక పట్టణమందలి దుకాణమునకు పోతిని. దుకాణదారుడు గదిలో దీపములన్నియు ఆర్పి, నీలిదీపమొకటి వెలిగించెను. తొట్టిలోని పగడములు పచ్చగా, నారింజగా నిప్పుకణికలవలె మెరసినవి. పెట్టెపై 120 వాట్లని వ్రాసియున్నది. వెల 4,800 రూపాయలు. ఇంత మెరయుచున్నవి గదా, ఇంతకన్న ఆరోగ్యమేమి కావలయునని తలచి కొంటిని. ఆ మెరుపు పగడపు కండలోని ఒక విధమగు మాంసకృత్తు నీలికాంతిని మ్రింగి పచ్చకాంతిగా తిరిగి విడుచుటవలన కలుగునదనియు, కడుపు నిండిన దానికిని ఆకటితో నున్న దానికిని అది కలుగవచ్చుననియు తరువాత తెలిసినది. పెండ్లిచూపులలో దీపపు వెలుగున చూచి పట్టుచీర కొన్నట్లయినది నా పని.

నాలుగు వారములలో పుట్టగొడుగు పగడములు ముదురు గోధుమరంగు తిరిగినవి. తోలు పగడము కాడ సాచి, గోడ చాటున మొలచిన మొక్కవలె పైకి పైకి చాగినది. పెరుగుచున్నదని సంతోషించి ఛాయాచిత్రము తీసి కొచ్చికి పంపితిని. వెంటనే ఫోను వచ్చినది. "పెరగడం కాదమ్మా, వెలుతురు కోసం మెడ సాచుతాంది" అనెను. వెలుతురు చాలనప్పుడు లోపలి నాచు తన సంఖ్యను, రంగును పెంచుకొనునట, గోధుమరంగు అందువలననే. విద్యుత్పనివానిని పిలిపించి కొలిపింపగా, 120 వాట్ల దీపము త్రాగుచున్నది 38 వాట్లే. పెట్టెపై వ్రాసిన సంఖ్య పాతకాలపు ఏ బుడ్డికో సమానమని చెప్పుకొన్న సంఖ్య గాని, నిజముగా త్రాగునది కాదు.

ఇక చదువ మొదలిడితిని. వంటింటి పని తీరిన పిదప రాత్రులందు కూర్చుండి గ్రహించినదానిలో నాకు పనికివచ్చినదానిని చెప్పెదను.

దీపపు పెట్టెలపై వ్రాసెడి ల్యూమెనులు మనుష్యుని కంటికొరకు పుట్టిన కొలత. మన కన్ను పచ్చకాంతిని ఎక్కువగా, నీలికాంతిని తక్కువగా చూచును. నాచు అట్లు కాదు. దాని వంటకు నీలికాంతి ముఖ్యము. సముద్రపు నీరు ఎర్రకాంతిని పై కొలది గజములలోనే మ్రింగివేయును, నీలము మాత్రమే లోతునకు దిగును. అందుచేత ఆ జీవులు యుగయుగములుగా నీలమునకే అలవాటుపడినవి. కావున మనకు మసకగా దోచు దీపము వానికి విందు కావచ్చును, మనకు ధగధగలాడునది వానికి పస్తు కావచ్చును. మొక్కలకు, పగడములకు తగిన కొలత వేరు: ఒక చదరపు మీటరుపై ఒక సెకనులో పడు పనికివచ్చు కాంతికణముల లెక్క. దీనిని పార్ అందురు. నడివేసవి మిట్టమధ్యాహ్నపు టెండలో అది సుమారు 2,000 ఉండును. మెత్తని పగడములకు 50 మొదలు 150 వరకు చాలును. కొమ్మలు వేయు రాతి పగడములకు 200 దాటి 350 వరకు వలయును. మంచి తయారీదారులు ఏ లోతున ఎంత పడునో పటము వేసి చూపుదురు. ఆ పటము చూపలేని దీపమును నేను ఇప్పుడైనచో చేతితో ముట్టను.

ఈ నీలిదీపము లోకమునకు సులభముగా దొరకినది కాదు. ఎర్రని ఎల్‌.ఇ.డి. 1962లోనే పుట్టినను, ప్రకాశవంతమైన నీలిది రావలెనన్న మరి ముప్పదియేండ్లు పట్టినది. దానిని సాధించిన జపానుదేశస్థులు అకసాకి, అమానో, జపానున పుట్టిన నకమురా యను మువ్వురికి 2014లో భౌతికశాస్త్రమున నోబెల్ బహుమానము వచ్చినది. మన యింటి తెల్లని ఎల్‌.ఇ.డి. బుడ్డి కూడ లోపల నీలిదీపమే. పసుపుపచ్చని పూత గుండా వచ్చుటచే తెల్లగా కనబడును. కాని యింటిబుడ్డిని తెచ్చి తొట్టిపై పెట్టిన చాలదు. ఇంటివి 2,700 మొదలు 6,500 కెల్విను వర్ణముగలవి. పగడములకు 14,000 మొదలు 20,000 వరకు గల చల్లని నీలివర్ణము వాడుక. తెలుపునకొకటి, నీలమునకొకటి వేర్వేరు మీటలుండి, వెలుగును హెచ్చించుటకు తగ్గించుటకు వీలున్న దీపమే తీసికొనవలయును. మరియొకటి, అద్దముల కోణము. ఇరుకు కోణపుటద్దములు వెలుగును బావిలోనికి వలె నేరుగా దింపును. నడుమ మండిపోవును, మూలలు చీకటి. అడుగున్నర లోతు తొట్టికి వెడల్పుగా పరచు అద్దములే మేలు.

నా చీటిపాట డబ్బు అప్పుడే చేతికి వచ్చినది. బీరువా కొనదలచిన డబ్బది. అందులో 16,500 రూపాయలు రెండవ దీపమునకు పోయినవి. ఆయనగారు ఏమియు అనలేదు. ఆ అనకపోవుటయే నాకు బరువైనది.

తప్పంతయు ఇచ్చట చేసితిని. ఇన్నాళ్లు పస్తులున్నవి గదా, కడుపునిండ పెట్టుదమని మీట చివరివరకు త్రిప్పి, దినమునకు పండ్రెండు గంటలు వెలిగించితిని. లంఖణములు చేసినవానికి మొదట గంజి పోయవలెనని పసిబిడ్డల తల్లులకు తెలియనిది కాదు. నాకు తొట్టిముందు అది తోచలేదు. ఆరవనాటికి పుట్టగొడుగులు ముడుచుకొని గుండీలంతలైనవి. రంగు వెలిసి, అంచులు పాలవలె తెల్లబడినవి. వెలుగు హెచ్చినప్పుడు లోపలి నాచు చేయు వంటయే విషమై, పగడము తన యింటివారిని తానే వెళ్లగొట్టునట. వేడిమి యెక్కువైనను ఇదియే జరుగును. మన పొరుగున మన్నారు సింధుశాఖలో 2010లోను, 2016లోను నీరు కాగి పగడపు దిబ్బలు ఇట్లే తెల్లబారినవి. 2024లో లోకమందలి సముద్రములన్నిట ఈ విపత్తు నాలుగవసారి వ్యాపించినదని శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. వార్తగా విన్నదానిని వసారాలో కన్నులార చూచితిని.

ఆ రాత్రి ఫోనులో నాకు మాట పెగలలేదు. ఆమె కోపగించునేమోయని భయము. ఆమె కోపగింపలేదు. "మీట నాలుగో వంతుకు దించమ్మా. దీపం ఎనిమిది అంగుళాల నుంచి పన్నెండుకు ఎత్తు. ఆరు గంటలు చాలు. వారానికి కొంచెం కొంచెం పెంచు. ఊరికే తాకొద్దు" అనెను. అట్లే చేసితిని. పదునైదు దినములు మార్పు లేదు. ఒక పగడము కరగిపోయినది. దానిని తీసి పారవేసిననాడు అన్నము సయింపలేదు. మిగిలినవానికి రెండు నెలలు దాటిన పిదప నడుమ కొంచెము రంగు తిరిగినది.

సంక్రాంతికి వచ్చునప్పుడు ఆమె కాంతి కొలుచు పరికరము నొకదానిని ఎరవు తెచ్చినది. దాని వెల వేలకొలది. ఇంటికొకటి కొనదగినది కాదు. కొలువగా రాతిపైన 180, క్రింది యిసుకలో 70, మూలలందు 30. మీట నలువది పాళ్ల వద్దనే యున్నది! నేను దానిని నూటికి త్రిప్పియుంటిని. పుట్టగొడుగులను ఇసుకవైపునకు, తోలు పగడమును రాతి నడిమికి మార్చి, అచ్చటనే నిలిపితిమి.

ఎల్‌.ఇ.డి. చల్లనిదందురు. పాత హాలైడు దీపములతో పోల్చిన నిజమే. కాని మా యూరి వైశాఖమునకు దీపమొక్కటే కారణము కాదు గదా. పగడములకు నీరు 25, 26 డిగ్రీలు హితము. నడివేసవిలో వసారా 38. శీతలయంత్రము కొనుటకు శక్తి చాలక, నీటిమీదికి చిన్న పంకా త్రిప్పితిని. కూజాలో నీరు చల్లబడినట్లు ఆవిరియై రెండుమూడు డిగ్రీలు తగ్గును. అదియు చాలని దినములలో మంచుగడ్డ నింపిన సీసాలను మూతబిగించి తేల్చుదును. దినమునకు నాలుగు లీటర్లవరకు ఇగురును. ఇగిరినది నీరే, ఉప్పు కాదు. కావున మంచినీరే పోయవలెను. దీపపు వేళను కూడ ఎండవేళనుండి తప్పించి మధ్యాహ్నము మూడుగంటలకు మొదలుపెట్టితిని.

మొన్న ఒక అమ్మకందారుడు కొమ్మల రాతి పగడము చూపి, ఎవరికి తెలియునని అనెను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి పట్టికలో రాతి పగడములు 2001లోనే చేర్చబడినవి. సముద్రమునుండి వానిని తెచ్చుట, అమ్ముట, కొనుట నేరము. వలదంటిని. చట్టము లేకున్నను, దానికి తగిన 300 వెలుతురు నా దీపము ఈ వేసవిలో పెట్టజాలదు.

ఇప్పుడు తొట్టిలో పుట్టగొడుగులు పదకొండు. రాత్రి తొమ్మిదిన్నరకు నీలిదీపము మెల్లగా దిగి ఆరిపోవును. ఆ జీవులకు చీకటియు వలయును. ఆ తరువాత వసారాలో ఎవరు దీపము వేయబోయినను మా అత్తగారు ఒప్పుకొనరు. "ఆర్పురా, అవి పండుకున్నాయి" అని మనుమని కసరుదురు. వాడు చీకటిలో చెప్పులు వెదకుకొనుచున్నాడు.