సమానధర్మం

ముప్పై ఏళ్ళ కిందటి మాట. విశాఖలో పనిచేస్తున్న రోజులు. ఆంగ్లోపాధ్యాయుడు సెలవు పెట్టడంతో ఒకనాడు ఎనిమిదో తరగతిని నాకు అప్పగించారు. ‘నీళ్ళలో నిలుచున్న క్రేన్ తల పైకెత్తింది’ అనే అర్థం గల ఆంగ్లవాక్యాన్ని నల్లబల్ల మీద రాసి, తెలుగు చెయ్యమన్నాను. పిల్లలందరూ ‘కొంగ’ అని రాశారు. ఒక్కడు మాత్రం ‘బరువులెత్తే యంత్రం’ అని రాశాడు. వాళ్ళ నాన్న ఓడరేవులో ఆ యంత్రాన్నే నడిపేవాడు.

నేను నవ్వాను. నేను నవ్వితే తరగతి ఊరుకుంటుందా? "అది కూడా మెడ చాచి తల ఎత్తుతుంది కదా మాస్టారూ!" అని గొణిగి, వాడు తల దించుకున్నాడు.

ఉద్యోగ విరమణ తరువాత తీరికగా నిఘంటువులు తిరగేస్తుంటే ఆ మాట మళ్ళీ ఎదురైంది. క్రేన్ అంటే ముందు పక్షే. మన సారసం ఆ జాతిదే; వాడుకలో దాన్నీ కొంగ అనేస్తాం. కూతను బట్టి ఆ పక్షికి ఆ పేరు వచ్చిందని భాషావేత్తలంటారు, మన కాకికి లాగానే. పొడుగాటి మెడను వంచి, చాచి, ఎత్తే తీరు చూసి యంత్రానికీ అదే పేరు పెట్టారు.

ఈ పోలిక ఆంగ్లేయులకు మాత్రమే తోచింది కాదు. ప్రాచీన గ్రీకులో ‘గెరనోస్’ అన్నా, ఫ్రెంచిలో ‘గ్రూ’ అన్నా అటు పక్షి, ఇటు యంత్రం. స్పెయిన్‌లో మన ఏతం వంటి సాధనాన్ని ‘సిగొన్యాల్’ అంటారు. అదీ కొంగను పోలిన మరో పక్షి పేరు నుంచి పుట్టిందే. వంశక్రమాన్ని తెలిపే ‘పెడిగ్రీ’ సైతం పాత ఫ్రెంచిలో ‘క్రేన్ పక్షి పాదం’ అనే మాటే. వంశపట్టికలో ఒకచోట నుంచి చీలే మూడు గీతలు వారికి ఆ పక్షి కాలిగుర్తులా కనిపించాయి. మనం వంశవృక్షమన్నాం.

ఉపమాలంకారం పాఠంలో ఉపమేయం, ఉపమానం, సమానధర్మం అంటూ ఏళ్ళ తరబడి వల్లె వేయించినవాణ్ణి. ఆ సమానధర్మాన్ని ఒక పిల్లవాడు కళ్ళారా చూసి చెబితే పోల్చుకోలేకపోయాను.

ఆ వాక్యంలో ఉన్నది పక్షే, సందేహం లేదు. వాడి అనువాదం తప్పే. కాని దిద్దవలసిన తప్పు అది, నవ్వవలసినది కాదు.