తాళం ఎవరిది?

శని, ఆదివారాలొస్తే సిడ్నీలో మన తెలుగువాళ్ళ కార్లన్నీ సంగీతం క్లాసుకో, కూచిపూడి క్లాసుకో పరుగులు తీస్తుంటాయి. మా కారు దారి మాత్రం వేరు. మా అబ్బాయికి పదకొండేళ్ళు. ఆటిజం ఉంది. మాటలు తక్కువ, పెద్ద చప్పుడైతే చెవులు మూసుకుంటాడు. రంగులన్నా, సంగీతమన్నా మాత్రం ప్రాణం. వాడి పుణ్యమా అని నాకు తెలిసిన నాలుగు విషయాలు మీతో పంచుకోవాలనిపించింది.

సర్క్యులర్ కీ దగ్గరున్న మ్యూజియం ఆఫ్ కంటెంపరరీ ఆర్ట్‌లో 'బెల్లా' అనే కార్యక్రమం 1993లో మొదలైంది. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకీ, యువతకీ కళను దగ్గర చేయడం దాని ఉద్దేశం. 2012లో మ్యూజియాన్ని విస్తరించినప్పుడు దీనికోసం ఒక గదినే కేటాయించారు. పిల్లలు తాకి, ఆడుకోవడానికి వీలుగా కళాకారుల చేత అందులో ప్రత్యేకంగా పనులు చేయిస్తారు. "ముట్టుకోకు" అనని మ్యూజియం గది అన్నమాట!

మెల్బోర్న్ మ్యూజియం కోసం, అక్కడ ఏమేం కనిపిస్తాయో ఫొటోలతో ముందే చెప్పే 'సోషల్ స్టోరీ' తయారుచేశారు. ఎక్కడ చప్పుడు ఎక్కువో, ఎక్కడ ప్రశాంతంగా ఉంటుందో చూపే మ్యాపు కూడా ఉంది. ఏం జరగబోతోందో ముందే తెలిస్తే ఇలాంటి పిల్లలకి సగం భయం పోతుంది.

ఇక సంగీతం. అమెరికన్ స్వరకర్త పాల్ నార్డాఫ్, ఇంగ్లాండుకు చెందిన ఉపాధ్యాయుడు క్లైవ్ రాబిన్స్ 1959లో కలిసి మొదలుపెట్టిన పద్ధతి ఒకటి ఆస్ట్రేలియాకీ వచ్చింది. మన సంగీతంలో శిష్యుడు తాళం తప్పకూడదు. ఇక్కడ శిష్యుడు ఏ తాళం వేస్తే గురువు దాన్నే పట్టుకుంటారు. మావాడు డ్రమ్ము మీద మూడు దెబ్బలు వేసి ఆగుతాడు. టీచరుగారు పియానో మీద ఆ మూడే వాయించి ఆగుతారు. అప్పుడు వాడు తలెత్తి ఆవిడ మొహంలోకి చూస్తాడు. ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూడటం వాడికి ఎంత కష్టమో మాకు తెలుసు.

"దీంతో నయమవుతుందా నాన్నా?" అని మా అమ్మ ఫోనులో అడుగుతుంది. ఆటిజం నయం కావడానికి జబ్బు కాదమ్మా, మెదడు పనిచేసే తీరే అంత అని చెబుతాను. సాఫ్ట్‌వేర్ అర్థంకాకపోతే మేము వాడేవాళ్ళని మార్చం, స్క్రీన్ మారుస్తాం. ఈ మ్యూజియాలు చేస్తున్నదీ అదే.

ఉగాది వేడుకకి మా కుటుంబమంతా కలిసి వచ్చి మూడేళ్ళయింది. ఒకరం వస్తే మరొకరం ఇంట్లో వాడి దగ్గర ఉంటాం. ఇలాంటి ఇళ్ళు మన మధ్య ఇంకా ఉన్నాయి, బయటికి చెప్పుకోరంతే. అందుకే కార్యవర్గానికి నా విన్నపం: హాలు పక్కన ఒక నిశ్శబ్దమైన గది, స్పీకర్ల హోరు తగ్గించిన మొదటి గంట, కార్యక్రమాల వరుస ఫొటోలతో వారం ముందే ఈమెయిల్లో. పెద్ద ఖర్చేమీ లేదు. ఆ ఫొటోల పని నేను చేసిపెడతాను. మావాడు స్టేజీ ఎక్కకపోయినా ఫరవాలేదు, నలుగురితో కూర్చుని ఉగాది పచ్చడి తింటే చాలు.