చవక గిటార్‌కు స్టేజీ పరీక్ష

''మామయ్యా, 15 వేల గిటార్‌ స్టేజీకి పనికొస్తుందా?'' మేనల్లుడు ఫోన్‌లో అడిగాడు. నాకు పాత వినాయక చవితి పందిరి గుర్తొచ్చింది.

ఆ రాత్రి రెండో పాటకే నా చవక ఎలక్ట్రిక్‌ గిటార్‌ మూడో తీగ శ్రుతి జారింది. జాక్‌ గరగరలాడింది. లైట్లు వేసినప్పుడల్లా స్పీకర్లలో ఒకటే రొద. పాట మధ్యలో ఆగిపోయింది. ఆ ఆర్కెస్ట్రా మళ్లీ నన్ను పిలవలేదు.

తప్పు ధరదేననుకున్నాను. తర్వాత రిపేరు చేసే పెద్దాయన విప్పి చూపిస్తే తెలిసింది. చెక్క బాగుంది, మెడ వంకరపోలేదు. జాక్‌ వదులైంది. తీగ పైగాడిలో ఇరుక్కుంటోంది. రొదకు కారణం సింగిల్‌ కాయిల్‌ పికప్‌. ఖరీదైన గిటార్లకూ ఆ జబ్బు ఉంది. రెండు చుట్టలను ఎదురెదురుగా కలిపి ఆ రొదను అణిచే హంబకర్‌ను గిబ్సన్‌ ఇంజనీరు సెత్‌ లవర్‌ 1950ల్లోనే రూపొందించారు.

అందుకే మేనల్లుడికి ధర గురించి చెప్పలేదు. కొట్లో పది నిమిషాలు తీగల్ని గట్టిగా లాగి వాయించు, శ్రుతి నిలుస్తుందేమో చూడు. 12వ మెట్టు మీద నొక్కిన స్వరం, అక్కడే తాకీ తాకకుండా మీటిన స్వరం ఒక్కటి కావాలి. సౌండ్‌ పెంచి కేబుల్‌ కదిలించు. నాబ్‌లు తిప్పు. ఇవన్నీ నెగ్గితే కొనెయ్‌. సెటప్‌కీ, అదనపు తీగలకీ కొంత డబ్బు మిగుల్చుకో. గిటార్‌ తల మీది పేరు పందిట్లో ఎవరికీ కనిపించదు, శ్రుతి తప్పితే మాత్రం అందరికీ వినిపిస్తుంది.

నా పాత గిటార్‌కు కొత్త జాక్‌ వేయించాను. ఇప్పుడు చక్కగా పలుకుతోంది. పిలుపులే రావడం లేదు.